రెక్క తెరుచుకుంటేనే రేసా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మోటార్ రేసింగ్‌లో ఓవర్‌టేకింగ్ గురించే ఉన్నాయి. మిగతా విషయాలన్నీ పక్కనపెట్టి ఈ ఒక్కదానికే చోటిస్తున్నాను.

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఫార్ములా వన్ చూస్తున్నాను. ఈ మధ్య పాత రేసులు వెతుక్కుని చూస్తుంటే 2005 ఇమోలా రేసు దొరికింది. షూమాకర్ కారు ఎంతో వేగంగా ఉంది, చివరి ల్యాపులన్నీ అలోన్సో వెనకే అంటిపెట్టుకుని వచ్చాడు, అయినా దాటలేకపోయాడు. వాళ్లిద్దరి మధ్య ఒక్క ఓవర్‌టేక్ కూడా లేదు, నేను మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయాను. అదే 2011 నుంచి 2025 దాకా ఉన్న డీఆర్‌ఎస్ (దగ్గరగా వెనకున్న డ్రైవర్ బటన్ నొక్కి, వెనక రెక్కలో సందు తెరిచి ఎదురుగాలి తగ్గించుకునే ఏర్పాటు) ఉండి ఉంటే రెక్క తెరిచి స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని దారి) మధ్యలోనే దాటేసేవాడు, కథ అక్కడితో అయిపోయేది. వెనకున్నవాడికి మాత్రమే ఒక బటన్ ఇచ్చి ముందున్నవాడి చేతులు కట్టేయడం ఏ ఆటలోనైనా న్యాయమేనా? కారు రెక్కల్లోనే ఇలాంటి సాయం పెట్టాల్సిన అవసరం నిజంగా ఉందా?

జవాబు: మీ కోపంలో సగం నాది కూడా. మిగతా సగం దగ్గర మాత్రం మీతో ఒప్పుకోలేను.

ఇమోలాలో మనల్ని కట్టిపడేసింది "ఈ మలుపులో దాటేస్తాడేమో" అన్న టెన్షన్. అలోన్సో గెలిచింది 0.215 సెకన్ల తేడాతో, అంటే ఆ టెన్షన్ చివరి గీత దాకా తగ్గలేదు. అలాంటి రేసులు మనసులో ఉండిపోతాయి కాబట్టి ఆ రోజులన్నీ అలాగే గడిచాయనిపిస్తుంది. కానీ అదే అలోన్సోకి 2010 అబుదాబిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. టైటిల్ తేలే ఆఖరి రేసు, టైటిల్ పోటీలో ఉన్న వెబర్ తన ముందుకి రాకుండా చూసుకోవాలని టైర్లు మార్చుకోవడానికి తొందరగా పిట్‌లోకి వెళ్లి రెనోలో ఉన్న పెట్రోవ్ వెనక పడ్డాడు, అక్కడి నుంచి దాదాపు 40 ల్యాపులు అదే కారు వెనక భాగం చూస్తూ గడిపాడు. అక్కడ టెన్షన్ కూడా లేదు. దాటలేడని కొన్ని ల్యాపులకే అందరికీ తెలిసిపోయింది, అతను ఏడో స్థానంలో ముగించాడు, వెటెల్ ఛాంపియన్ అయ్యాడు. ఆ రేసు వల్లే డీఆర్‌ఎస్ వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, 2011 నుంచి కదిలే రెక్క పెట్టాలని అంతకు నెలల ముందే, 2010 మధ్యలోనే నిర్ణయం జరిగింది. అబుదాబి దానికి కారణం కాకపోయినా, అలాంటిదేదో కావాలని వాదించేవాళ్లకి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కాబట్టి మీరు అడిగినదానికి నా జవాబు ఇది: కార్లు గాలి ఒత్తిడి మీద ఇంతగా ఆధారపడినంత కాలం ఏదో ఒక సాయం కావాలి. కానీ ముందు కారు గాలి వల్ల వెనకవాడు పోగొట్టుకున్నదెంతో అంతే తిరిగి ఇవ్వాలి, అంతకు మించి వద్దు. వెనకవాడిని ముందువాడి పక్క దాకా తీసుకొచ్చి వదిలేయాలి, ఆ తర్వాత బ్రేకుల దగ్గర వాళ్లిద్దరూ తేల్చుకోవాలి. మలుపు ఇంకా 200 మీటర్ల దూరంలో ఉండగానే దాటడం పూర్తయిపోతే దాన్ని రేసింగ్ అనడానికి నాకు నోరు రాదు. డీఆర్‌ఎస్ వచ్చిన తొలి ఏడాదే, 2011 టర్కీ రేసులో, చాలాసార్లు సరిగ్గా అదే జరిగింది.

కదిలే రెక్క అనే ఆలోచన మాత్రం మనకు అనిపించేంత కొత్తది కాదు. 1966లోనే చాపరల్ 2ఈ అనే కారుకి జిమ్ హాల్ ఎత్తైన రెక్క పెట్టాడు, డ్రైవర్ కాలితో పెడల్ తొక్కితే స్ట్రెయిట్‌లో అది చదునుగా పడుకునేది. 1969 స్పానిష్ గ్రాండ్ ప్రీలో గ్రాహమ్ హిల్, రింట్ కార్ల రెక్కలు విరిగి పెద్ద ప్రమాదాలు జరిగాక ఎత్తైన రెక్కలూ కదిలే రెక్కలూ నిషేధించారు. ఆ తర్వాత 2009లో ఒక ప్రయత్నం జరిగింది, దాని గురించి ఇప్పుడెవరూ మాట్లాడరు గానీ నాకు అది చాలా ఇష్టం: ముందు రెక్క ఫ్లాప్‌ని డ్రైవర్ ల్యాపుకి రెండుసార్లు, 6 డిగ్రీల మేర మార్చుకోవచ్చన్నారు. ముందు కారు గాలిలో పడగానే ముందు చక్రాల పట్టు పోతుంది కదా, ఆ పోయిన పట్టుని మలుపులోనే తిరిగి ఇవ్వాలన్నది ఆలోచన. అంటే జబ్బు ఉన్న చోటే మందు వేయాలని చూశారు. అది పెద్దగా పనిచేయలేదు, 2010 తర్వాత తీసేశారు. దాని బదులు వచ్చిన డీఆర్‌ఎస్ మలుపులో పోయినదానికి పరిహారం స్ట్రెయిట్‌లో ఇచ్చేది. మీకూ నాకూ అందులో ఏదో తేడాగా అనిపించడానికి కారణం అదేననుకుంటాను.

ప్రశ్న: ముందు కారు వెనక ఉంటే స్లిప్‌స్ట్రీమ్ లాభం అంటారు. మళ్లీ అదే చోట డర్టీ ఎయిర్ వల్ల నష్టం అంటారు. రెండూ ఒకే గాలి కదా, లాభమూ నష్టమూ ఒకేసారి ఎలా?

జవాబు: ఒకే గాలి, మీరన్నది నిజం. ముందు కారు వెళ్తూ వెళ్తూ గాలిని కొంత తన వెంట లాక్కుపోతుంది, మిగతాదాన్ని సుడులు తిప్పి పైకి విసిరేస్తుంది. అందువల్ల వెనక కారుకి ఎదురొచ్చే గాలి బలహీనంగా ఉంటుంది. స్ట్రెయిట్‌లో అది వరం, ఎదురుగాలి తక్కువైతే వేగం పెరుగుతుంది. మలుపులో అదే శాపం, ఎందుకంటే కారుని నేలకి అదిమిపట్టేది ఆ ఎదురుగాలే, అది బలంగా, తిన్నగా వస్తేనే రెక్కలూ అడుగుభాగమూ పనిచేస్తాయి.

రేసు ఎక్కడ పాడవుతుందంటే, స్లిప్‌స్ట్రీమ్ లాభం దక్కాల్సిన స్ట్రెయిట్ కంటే ముందే ఒక మలుపు ఉంటుంది. ఆ మలుపులో పట్టు దొరక్క వెనకవాడు జాగ్రత్తగా వెళ్లాల్సి వస్తుంది, స్ట్రెయిట్‌లోకి వచ్చేసరికి ముందువాడు దూరమైపోయి ఉంటాడు, ఇక స్లిప్‌స్ట్రీమ్ ఇచ్చే అదనపు వేగం ఆ దూరాన్ని పూడ్చలేదు. పట్టు కోసం పోరాడితే కారు జారుతుంది, జారితే టైర్లు వేడెక్కుతాయి, వేడెక్కితే ఉన్న పట్టు కూడా పోతుంది, దాంతో రెండు మూడు ల్యాపులు దగ్గరగా వచ్చినవాడే మళ్లీ వెనక్కి తగ్గి టైర్లు చల్లబరుచుకోవాల్సి వస్తుంది. టీవీలో చూసేవాళ్లకి అతను ప్రయత్నం మానేసినట్టు కనిపిస్తుంది, అది నన్ను చాలా బాధపెడుతుంది.

అంకెల్లో చెప్పాలంటే, 2022 కొత్త కార్లు వచ్చినప్పుడు ఫార్ములా వన్ ఒక లెక్క ప్రకటించింది. అంతకు ముందు కార్లు 20 మీటర్ల వెనక ఉంటే 35 శాతం, 10 మీటర్ల వెనక ఉంటే 46 శాతం డౌన్‌ఫోర్స్ (కారుని నేలకి అదిమే బలం) కోల్పోయేవి. కొత్త కారులో ఆ నష్టం 4 శాతం, 18 శాతం దగ్గర ఉండాలన్నది లక్ష్యం. కారు అడుగున సొరంగాల్లాంటి దారులు పెట్టి, పట్టులో ఎక్కువ భాగం అక్కడి నుంచి వచ్చేలా చేయడం వల్ల ఇది వీలైంది. మొదటి ఏడాది నిజంగానే తేడా కనిపించింది. తర్వాత ప్రతి టీమూ తన కారు వేగం కోసం గాలిని మళ్లీ పక్కలకి విసిరే ఉపాయాలు కనిపెట్టుకుంటూ పోయింది, దగ్గరగా వెంబడించడం మళ్లీ కష్టమైపోయిందని డ్రైవర్లు చెప్పడం మొదలుపెట్టారు. టీములని తప్పుపట్టలేం, వెనకవాడికి మంచి గాలి వదలడం వల్ల వాళ్లకి ఒక్క పాయింటు కూడా రాదు. అందుకే ఈ పని నిబంధనలు రాసేవాళ్లే చేయాలి, ఒకసారి చేసి ఊరుకుంటే సరిపోదు.

ప్రశ్న: రెక్కలే లేకపోతే?

జవాబు: అప్పుడు ఈ ప్రశ్నే ఉండదు. 1971 మోంజాలో, రెక్కల ప్రభావం ఇంత లేని రోజుల్లో, షికేన్లు (వేగం తగ్గించడానికి పెట్టే మెలికలు) కూడా లేని ఆ ట్రాక్ మీద మొదటి ఐదుగురు 0.61 సెకన్ల లోపల గీత దాటారు, పీటర్ గెథిన్ 0.01 సెకనుతో గెలిచాడు. కానీ రెక్కలు పూర్తిగా తీసేస్తే ఆ మలుపుల్లో ఆ వేగం ఉండదు, కారుని చూస్తే కలిగే ఆ ఆశ్చర్యంలో చాలా భాగం పోతుంది. నాకు రెండూ కావాలి, కాబట్టి తీసేయమని అడగను. తగ్గించమని మాత్రం అడుగుతాను. 2017లో దీనికి సరిగ్గా వ్యతిరేకం చేశారు, కార్లని 2 మీటర్ల వెడల్పు చేసి డౌన్‌ఫోర్స్ బాగా పెంచారు, ల్యాప్ టైములు పడిపోయాయి, వాటితోపాటు ఓవర్‌టేకులు కూడా ఆ ఏడాది బాగా పడిపోయాయి. డీఆర్‌ఎస్ అప్పుడు కూడా ఉందన్న సంగతి మర్చిపోవద్దు.

ప్రశ్న: "పోగొట్టుకున్నంతే తిరిగి ఇవ్వాలి" అని మీరు ఇంతకు ముందు కూడా రాశారు. వినడానికి బాగుంది గానీ అది కొలిచేది ఎలా? ఒక ట్రాక్‌లో డీఆర్‌ఎస్ ఉన్నా దాటలేకపోయేవారు, ఇంకో ట్రాక్‌లో అడ్డే లేకుండా పోయేవారు.

జవాబు: కొలవచ్చు, కాగితం మీద మనమే లెక్క వేసుకోవచ్చు. డీఆర్‌ఎస్ తెరిస్తే వెనక రెక్కలో 85 మిల్లీమీటర్ల దాకా సందు తెరుచుకునేది, దానివల్ల స్ట్రెయిట్ చివరికి గంటకు సుమారు 10 నుంచి 12 కిలోమీటర్ల వేగం ఎక్కువ వచ్చేది. గంటకు 12 కిలోమీటర్లంటే సెకనుకి 3.3 మీటర్లు. అటు కారు గంటకు 300 కిలోమీటర్లతో వెళ్తుంటే ఒక సెకనులో 83 మీటర్లు పోతుంది. అంటే డీఆర్‌ఎస్ వాడే హక్కు వచ్చే ఒక సెకను తేడా అంటే దాదాపు 83 మీటర్ల ఎడం, దాన్ని సెకనుకి 3.3 మీటర్ల చొప్పున పూడ్చాల్సి వచ్చేది. పది సెకన్లు తెరిచి ఉంచినా 33 మీటర్లే, అది కూడా ఆ ఎక్కువ వేగం మొదటి నుంచీ ఉందనుకుంటే. నిజానికి వేగం మెల్లగా పెరుగుతుంది కాబట్టి అంత కూడా రాదు. దీనికి స్లిప్‌స్ట్రీమ్ లాభం తోడవుతుందనుకోండి, అయినా ఒక సెకను వెనకున్నవాడు ఒక్క స్ట్రెయిట్‌లో దాటేయలేకపోయేవాడు. 0.3, 0.4 సెకన్ల దూరంలో ఉన్నవాడికి మాత్రం పని అయిపోయేది.

అంటే అంతా జోన్ (రెక్క తెరవడానికి అనుమతించిన భాగం) పొడవు మీదే ఉండేది. 100 మీటర్లు పెంచినా తగ్గించినా రేసు మారిపోయేది. 2023లో బాకులో ప్రధాన స్ట్రెయిట్ మీద జోన్‌ని 100 మీటర్లు కుదించారు, డ్రైవర్లు అప్పుడే వద్దన్నారు, ఆ రేసు చూసినవాళ్లకి ఎంత చప్పగా సాగిందో గుర్తుండే ఉంటుంది. వెనక కారు మలుపులో ఎంత పోగొట్టుకుంటుందో టీములకీ ఎఫ్‌ఐఏకీ (నిబంధనలు రాసే సంస్థ) తెలుసు, ఆ నష్టానికి సరిపడా పొడవు ప్రతి ట్రాక్‌కీ విడిగా లెక్కకట్టాల్సింది, మొదటి రోజు ప్రాక్టీస్ చూశాక సరిదిద్దుకునే వీలు కూడా ఉండాల్సింది. నేను అడిగింది ఇంతే.

మొనాకోని మాత్రం ఈ లెక్కలో కలపకండి. అక్కడ సమస్య గాలి కాదు, రోడ్డు వెడల్పు. 2024లో మొదటి పదిమంది ఏ వరుసలో మొదలయ్యారో అదే వరుసలో ముగించారు. ఆ వీధుల్లో ఏ రెక్క తెరిచినా లాభం లేదు.

ప్రశ్న: అమెరికాలో జరిగే ఇండీకార్ రేసుల్లో పుష్ టు పాస్ ఉంది కదా, అది మేలా?

జవాబు: నా ఓటు దానికే. రోడ్డు ట్రాకులూ వీధి ట్రాకుల మీద జరిగే రేసుల్లో డ్రైవర్‌కి ఇన్ని సెకన్లని ఒక ఖాతా ఇస్తారు, సాధారణంగా మొత్తం రేసుకి 200 సెకన్లు. బటన్ నొక్కితే టర్బో ఒత్తిడి పెరిగి ఇంజిన్‌కి అదనపు శక్తి వస్తుంది. ముందువాడికి ఎంత దగ్గరగా ఉన్నావని ఎవరూ అడగరు, ముందువాడు కూడా అదే బటన్ నొక్కి కాచుకోవచ్చు. కాచుకుంటే అతని ఖాతా తరుగుతుంది, చివరి పది ల్యాపుల్లో ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయన్నది ఒక పోరాటం అవుతుంది. జపాన్ సూపర్ ఫార్ములాలో కూడా ఇలాంటిదే ఉంది. పైన మొదటి ఉత్తరం రాసినవారు అడిగిన "చేతులు కట్టేయడం" అన్న ప్రశ్న ఇక్కడ రాదు, ఇద్దరి చేతుల్లోనూ ఆయుధం ఉంటుంది, ఎప్పుడు వాడాలన్నది తెలివి.

ఎలక్ట్రిక్ కార్ల రేసులైన ఫార్ములా ఈలో అటాక్ మోడ్ ఇంకో రకం. అదనపు శక్తి కావాలంటే రేసింగ్ లైన్ (ట్రాక్ మీద అన్నిటికంటే వేగంగా వెళ్లే దారి) వదిలి ట్రాక్ బయటి అంచున గీసిన చోటు మీదుగా వెళ్లాలి, అంటే ముందు కొంత పోగొట్టుకుని తర్వాత సంపాదించుకోవాలి. ఆలోచన మంచిదే, చూసేవాళ్లకి అర్థం కావడానికి మాత్రం కొంచెం టైమ్ పడుతుంది.

ప్రశ్న: 2026 నిబంధనల్లో డీఆర్‌ఎస్ తీసేశారు, కానీ ముందు రెక్కా వెనక రెక్కా రెండూ కదులుతాయట. తీసేసినట్టా, రెట్టింపు చేసినట్టా?

జవాబు: ఈ అయోమయం చాలామందికి ఉంది, కాబట్టి రెండు విషయాలు విడదీసి చూద్దాం. రెక్కలు కదలడం ఒకటి, ఓవర్‌టేకింగ్ సాయం ఇంకొకటి.

కొత్త కారులో నిర్ణయించిన స్ట్రెయిట్ల మీద ప్రతి డ్రైవరూ, ముందు ఎవరున్నా లేకపోయినా, ప్రతి ల్యాపులో రెక్కల్ని చదును చేసుకోవచ్చు. అది ఎదురుగాలి తగ్గించి శక్తి ఆదా చేయడానికి. ఎలక్ట్రిక్ మోటార్ వాటా 350 కిలోవాట్ల దాకా పెరిగింది, రెక్కలు ఎప్పుడూ నిలబడే ఉంటే బ్యాటరీ స్ట్రెయిట్ మధ్యలోనే ఖాళీ అయిపోతుంది. అందరికీ ఉన్నది ఎవరికీ సాయం కాదు కాబట్టి దీనివల్ల ఒకరు ఒకరిని దాటలేరు.

సాయం ఇప్పుడు కరెంటులో ఉంది. ముందున్న కారుకి గంటకు 290 కిలోమీటర్లు దాటాక మోటార్ శక్తి తగ్గుతూ పోతుంది, ఒక సెకను లోపు వెనకున్న కారుకి మాత్రం 337 కిలోమీటర్ల దాకా పూర్తి శక్తి ఉంటుంది, దానితోపాటు అర మెగాజౌల్ అదనపు శక్తి. ఇవి నిబంధనలు ప్రకటించినప్పుడు చెప్పిన అంకెలు. అర మెగాజౌల్ అంటే 350 కిలోవాట్ల దగ్గర సుమారు సెకనున్నర, అంతే. వినడానికి చిన్నదిగా ఉన్నా అది ఎక్కడ ఖర్చుపెట్టాలన్నది డ్రైవర్ చేతిలో ఉంది, ఈ స్ట్రెయిట్‌లో దాటడానికి బ్యాటరీ ఊడ్చేసినవాడు తర్వాతి స్ట్రెయిట్‌లో ఖాళీగా దొరికిపోవచ్చు. డీఆర్‌ఎస్‌లో నాకు నచ్చనిది అది ఉచితంగా రావడం. దీనికి ఒక ధర ఉంది, ఆ మేరకు ఇది మేలు. సాయం వెనకవాడికే అన్న పాత లోపం మాత్రం అలాగే ఉండిపోయింది, అది పోయేదాకా దీన్ని నేను పూర్తిగా మెచ్చుకోలేను.

ప్రశ్న: కదిలే రెక్కలు ప్రమాదం కాదా?

జవాబు: మూసుకోకపోతే ప్రమాదమే. 2018 మోంజా ప్రాక్టీస్‌లో ఎరిక్సన్ బ్రేక్ వేసినప్పుడు రెక్క మూసుకోలేదు, కారు గోడకి కొట్టుకుని పల్టీలు కొట్టింది, అతను క్షేమంగా బయటపడ్డాడు. 2025 సుజుకా ప్రాక్టీస్‌లో డూహన్ మొదటి మలుపులోకి రెక్క మూయకుండా వెళ్లి పెద్ద దెబ్బే తిన్నాడు. ఇద్దరూ నడిచి వెళ్లారంటే ఈనాటి కార్ల గట్టితనం వల్లే. ఒక రెక్క బదులు రెండు కదిలే రోజుల్లో ఈ విషయం మీద ఇంకా ఎక్కువ పట్టుదల ఉండాలి.

ప్రశ్న: డీఆర్‌ఎస్ వచ్చాక డిఫెన్స్ అనే కళ చచ్చిపోయిందని మా అన్నయ్య అంటాడు. నేను కాదంటాను. ఆయనకి చూపించడానికి రేసులు చెప్పండి.

జవాబు: మీ అన్నయ్యతో కూర్చుని ఇవి చూడండి.

2021 హంగరీ. వేగం బాగా ఎక్కువున్న హామిల్టన్‌ని అలోన్సో పది ల్యాపుల పాటు ఆపాడు, ఆ ఆలస్యం వల్లే అలోన్సో టీమ్‌మేట్ ఒకాన్ గెలవగలిగాడు.

2022 బహ్రెయిన్. మొదటి మలుపులో దాటేయబోతున్న వెర్‌స్టాపెన్‌ని లెక్లేర్ అడ్డుకోలేదు, కావాలనే ముందుగా బ్రేక్ వేసి, డిటెక్షన్ గీత (ఎవరు ఒక సెకను లోపు వెనకున్నారో కొలిచే చోటు) దగ్గర తను వెనక ఉండేలా చూసుకున్నాడు, దాంతో తర్వాతి స్ట్రెయిట్‌లో డీఆర్‌ఎస్ తనకి దక్కింది, నాలుగో మలుపులో స్థానం తిరిగి తీసుకున్నాడు. తర్వాతి ల్యాపులో మళ్లీ అదే. ముందుండటం కంటే వెనకుండటం మేలయ్యే చోటు ఒకటుందని ఇద్దరికీ తెలుసు, తర్వాతి రేసులో జెడ్డాలో గీత నువ్వు ముందు దాటు అంటే నువ్వు ముందు దాటు అన్నట్టు ఇద్దరూ బ్రేకులు వేశారు. ఇది అసలు రేసింగేనా అని చాలామంది విసుక్కున్నారు. ఆ జెడ్డా దృశ్యం నాకూ నచ్చలేదు, కానీ బహ్రెయిన్‌లో లెక్లేర్ చేసింది మాత్రం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

2023 సింగపూర్. సైన్జ్ ముందున్నాడు, వెనక నోరిస్, వాళ్ల వెనక కొత్త టైర్లతో రెండు మెర్సిడెస్‌లు దూసుకొస్తున్నాయి. సైన్జ్ పారిపోలేదు. నోరిస్ ఒక సెకను లోపే ఉండేలా తన వేగం తగ్గించుకుంటూ వచ్చాడు, ఆ డీఆర్‌ఎస్‌తో నోరిస్ వెనకవాళ్లని ఆపగలిగాడు, అంటే ఓవర్‌టేకింగ్ కోసం కనిపెట్టిన సాధనాన్ని ప్రత్యర్థి చేతికిచ్చి తనకి కవచంగా మార్చుకున్నాడు. ఒక మెర్సిడెస్ నడుపుతున్న రసెల్ చివరి ల్యాపులో గోడని తాకి ఆగిపోయాడు, సైన్జ్ గెలిచాడు.

ఇక 2023 ఇంటర్‌లాగోస్, దీన్ని చివరికి ఉంచండి. మూడో స్థానం కోసం అలోన్సో వెనక పెరెజ్ ఎన్నో ల్యాపులు తిరిగాడు, ప్రతి స్ట్రెయిట్‌లో రెక్క తెరుస్తున్నాడు, అలోన్సో స్ట్రెయిట్‌కి ముందు వచ్చే నెమ్మది మలుపుల్లో వేరే వేరే దారులు పట్టి అతనికి ఊపు దొరక్కుండా చేస్తున్నాడు. చివరి నుంచి రెండో ల్యాపులో పెరెజ్ దాటేశాడు. అయిపోయిందనుకున్నాం. ఆఖరి ల్యాపు నాలుగో మలుపులో అలోన్సో తిరిగి దాటాడు, గీత దగ్గర ఇద్దరి మధ్య తేడా 0.053 సెకను.